గులకనేలలో దొరికిన నాన్న

జిల్లా పట్నం,
ఫిబ్రవరి 1999.

గౌరవనీయులైన కాంగ్ మాస్టారికి,

మీ పాత విద్యార్థి దువాన్ జెన్‌బాంగ్ నమస్కరించి రాస్తున్నది. బైతు ఊళ్ళో ఈ ఏడు చలి ఎక్కువగా ఉందని విన్నాను. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

నేను ఉద్యోగంలోంచి దిగిపోయినా వీళ్ళు నన్ను వదల్లేదు. కొత్తగా వచ్చిన పర్యాటక కంపెనీకి సలహాదారుగా కూర్చోబెట్టారు. మన ఊరి పక్కన రోమన్ నగరం కడుతున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. రాతి స్తంభాలు లేచాయి. రథాలు చేయిస్తున్నారు. రెండు వేల ఏళ్ళ కిందట దారి తప్పిన రోమన్ సిపాయిలు మన దగ్గర స్థిరపడ్డారని కొందరు పండితులు అంటున్నారు కదా. లేకపోతే చైనాలో, ఈ గన్సు మారుమూల, ఎర్రటి గడ్డాలూ లోతు కళ్ళూ ఎక్కడి నుంచి వస్తాయి?

మేనేజరు ఫాంగ్‌కి మీ ఫోటో చూపించాను. "ఈయన బతికే ఉన్నాడా? ఈయన్ని పెట్టుకుని విగ్రహాలెందుకు చెక్కిస్తున్నాం?" అన్నాడు. సెప్టెంబరులో ప్రారంభోత్సవం. ఆ రోజు మీరు శిరస్త్రాణం పెట్టుకుని అందరికన్నా ముందు నడవాలని మా అందరి కోరిక. టీవీ వాళ్ళు వస్తారు. మీ ముక్కు మన జిల్లాకి గర్వకారణం మాస్టారూ. ఇందులో ముఖస్తుతి లేదు.

పాత రోజులు పాతబడ్డాయి. ఇద్దరం పెద్దవాళ్ళమయ్యాం. కాదనరని ఆశిస్తూ,

మీ దువాన్ జెన్‌బాంగ్


బైతు,
ఫిబ్రవరి 1999.

సలహాదారు దువాన్ గారికి,

ఉత్తరం అందింది. చేతిరాత ఇంకా బాగుపడలేదు. నా బడిలో ఉన్నప్పుడూ ఇంతే, తొందరగా ముగించి పారిపోదామన్నట్టు రాసేవారు.

నా ముక్కు గురించి మీరు రాయడం ఇది రెండోసారి. మొదటిసారి మా బడి గోడమీద, చీపురంత కుంచెతో రాశారు. "ఈ ముక్కు ఏ దేశానిది?" అని. అది సాంస్కృతిక విప్లవం కాలం, మీ చేతికి రెడ్ గార్డుల ఎర్ర పట్టీ ఉండేది. ఆ గోడ కింద నన్ను మోకాళ్ళమీద నిలబెట్టారు. ఇప్పుడు నా మోకాళ్ళ క్షేమం అడుగుతున్నారు. అవి బాగానే ఉన్నాయి. జ్ఞాపకశక్తి వాటికన్నా బాగుంది.

మా నాన్న కాంగ్ బొయున్ గొర్రెలు కాసుకునేవాడు. పక్క జిల్లా ఎటువైపో ఆయనకు తెలియదు. ఆయన్ని విదేశీ గూఢచారి అన్నారు. గడ్డం ఎర్రగా ఉండడమే సాక్ష్యం. రిజర్వాయరు పనికి తోలారు. అక్కడే రెండో చలికాలం పోయాడు. ఊరి శ్మశానంలో చోటివ్వలేదు. "విదేశీ విత్తనం మన పెద్దల వరసలో పడుకోకూడదు" అని మీటింగులో లేచి చెప్పిన కుర్రాడు ఎవరో నేను గుర్తు చేయను.

ఇక మీ పండితుల సంగతి. నలభై ఏళ్ళుగా నాకు చదవడం తప్ప వేరే వ్యసనం లేదు కాబట్టి చెబుతున్నాను. హాన్ సైన్యాలు ఈ దారి తొక్కకముందే ఇక్కడ యుయెజీలు, వూసున్‌లు అనే సంచార జాతులవాళ్ళు గుర్రాలు మేపుకున్నారు. ఈ పడమటి వాళ్ళ లోతు కళ్ళ గురించి, గుబురు గడ్డాల గురించి పాత చరిత్రకారులు వింతపడుతూ రాశారు. తరిమితే కొందరు పోయారు. కొందరు కొండల్లో ఉండిపోయి మనకు తాతలయ్యారు. దారి తప్పిన సిపాయిలు మనకెందుకు? ఇంట్లో ఉన్న తాతను ఆనవాలు పట్టలేక ఎక్కడినుంచో ఒక తాతను అద్దెకు తెచ్చుకుంటున్నారు మీరు.

అయినా మీ రేకు టోపీ పెట్టుకుంటాను. ఒక షరతు. మా నాన్నను ఆ గులకనేలలోంచి తీసి మా వంశం వరసలో పడుకోబెట్టాలి. మా చిన్నాన్నను పాతినప్పుడు ఆయనకు ఎడమపక్క అన్నగారి కోసం ఒక మనిషి జాగా వదిలాం. ముప్పై ఏళ్ళుగా అక్కడ గడ్డి మొలుస్తోంది. ఊరంతా తెల్లబట్టలు కట్టాలి. మీరు ముందు నడిచి పోయినవాళ్ళకిచ్చే కాగితపు డబ్బు చల్లాలి, మోకాళ్ళమీద వంగి నుదురు నేలకు ఆనించాలి. ఆయన్ని పూడ్పించింది మీరే కాబట్టి చోటు కూడా మీరే చూపించాలి.

కాంగ్ షౌలిన్


జిల్లా పట్నం,
మార్చి 1999.

మాస్టారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివి పక్కన పెట్టాను. మళ్ళీ తీశాను. మీరు అడిగింది న్యాయమే. ఒప్పుకుంటున్నాను.

మేనేజరు ఫాంగ్‌తో మాట్లాడాను. "ముసలాయన నాన్నగారి సమాధి ఊళ్ళో ఉంటే మనకే మంచిది, చూడడానికి జనం వస్తారు" అన్నాడు. అతని ధోరణి అది. మీరు పట్టించుకోకండి.

ఒక్క సంగతి. ముప్పై ఏళ్ళలో ఆ ప్రాంతం చాలా మారింది. గట్టు పెంచారు, రోడ్డు వేశారు. అయినా నాకు గుర్తుంది. గట్టుకు ఉత్తరాన, ముళ్ళపొదలు దాటాక, గులకరాళ్ళు కుప్పగా పోసి ఉంటాయి. అక్కడే. వసంతంలో సమాధులు శుభ్రం చేసుకునే పండగకు ముందు రోజు వస్తాను. ఊరి పెద్ద సుయ్‌కి చెప్పి మనుషుల్ని సిద్ధం చేయించండి.

మోకాళ్ళు వంచడం డాక్టరు వద్దన్నాడు. వంచుతాను.

దువాన్


బైతు,
ఏప్రిల్ 1999.

దువాన్ గారికి,

పని అయిపోయింది. సమాధి తీసేటప్పుడు కొడుకు తప్ప మిగతావాళ్ళు వీపు తిప్పుకుని నిలబడాలి కాబట్టి, మీరు భోజనాలకు ఆగకుండా కారెక్కారు కాబట్టి, మీరు చూడనివి రాస్తున్నాను.

మీరు చూపించిన రాళ్ళకుప్ప కింద నడుం లోతు తవ్వాక దొరికాడు. ఎండ తగలకుండా సుయ్ మొహం అటు తిప్పుకునే నల్లగొడుగు పట్టాడు. నేను దిగి ఎర్రబట్ట కప్పాను. ఎముకలు ఏరుకుందామని చిన్న పెట్టె తెచ్చాం కదా. ఏరడానికేమీ లేదు, మనిషి మొత్తం ఉన్నాడు. అక్కడ వాన పడదు, పురుగు బతకదు. గులకనేల ఆయన్ని పాడు కానివ్వకుండా దాచింది.

పెట్టె చాలదని తెలిశాక పెద్ద గోల. ఊళ్ళో సిద్ధంగా ఉన్న పెట్టె ఒక్కటే, మెంగ్ పిన్ని తన కోసం చేయించి వాకిట్లో పెట్టుకుని, పైన మిరపకాయలు ఆరబోసుకుంటున్నది. సుయ్ వెళ్ళి అడిగాడు.

"ఇస్తాను గానీ, ఇంకోటి చేయించే లోపల నేను పోతే?"

"పోవద్దు పిన్నీ."

"ఊరి పెద్దవి కదాని చావుకి కూడా నీ అనుమతి కావాలా?"

"రెండు నెలలు ఓపిక పట్టమంటున్నా, అంతే."

"సరేలే, పట్టానులే. మిరపకాయలు నువ్వు దించు, నా నడుం వంగదు."

పెట్టె వచ్చాక అందులోకి చేర్చుతుంటే బట్ట కింద ఆకారం చూసి పిన్ని అంది, "బొయున్ బావ బతికున్నప్పుడు ఇంత పొడుగు లేడే. పడుకుని పడుకుని సాగినట్టున్నాడు." అందరూ నవ్వారు. ఏడుపుల మధ్య ఆ నవ్వు బాగుంది.

ఆయన్ని చిన్నాన్నకు ఎడమపక్క పడుకోబెట్టాను. తాతకు పాదాల దగ్గర, ఉండాల్సిన చోట. మీరు వంగి నుదురు నేలకు ఆనించినప్పుడు మీ నుదుటికి అంటుకున్న మట్టి, కారెక్కేదాకా తుడుచుకోలేదు. చూశాను. దానికి మీకు దక్కాల్సిన మర్యాద దక్కుతుంది.

ఆ సాయంత్రం ఊరంతా గొర్రెమాంసం పులుసు, నూడుల్స్ తిన్నది. నా మాట నిలబెట్టుకుంటాను. నా తల పెద్దది. టోపీ కొలతకు చేయించమని మీ ఫాంగ్‌తో చెప్పండి.

కాంగ్ షౌలిన్


జిల్లా పట్నం,
జూన్ 1999.

మాస్టారికి,

ఒక చిక్కు వచ్చింది. దాచకుండా రాస్తున్నాను.

ఆ రోజు పెట్టె మోసినవాళ్ళలో ఒకడు కంపెనీలో రాళ్ళపనికి చేరాడు. గొయ్యిలోంచి పైకి ఎత్తేటప్పుడు ఎర్రబట్ట అంచు జారి ఒక కాలు బయటపడిందట. పాదానికి మొన తేలిన ఉన్ని బూటు, దాని చుట్టూ ఎర్ర ఊలు తాళ్ళు. ఇలాంటి బూటు మన పెద్దవాళ్ళెవరి కాళ్ళకీ చూడలేదని వాడు టీ దుకాణంలో చెప్పాడు. ఆ మాట ఫాంగ్ చెవిన పడింది.

ఫాంగ్ అప్పటి నుంచి నిద్రపోవడం లేదు. "సలహాదారుగారూ, అది రోమన్ బూటే, నేను సినిమాలో చూశాను. ఆ మనిషిని అద్దాల పెట్టెలో పెడితే మన నగరం వందేళ్ళు నడుస్తుంది" అంటున్నాడు. సమాధి తెరవడానికి జిల్లా ఆఫీసులో అర్జీ పెట్టాడు. కొడుకుగా మీరు ఒప్పుకుంటే సరి. ఒప్పుకోకపోతే, లోపల ఉన్నది కాంగ్ బొయున్ అవునో కాదో మొదటిసారి పూడ్చినప్పుడు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పాలి. వాళ్ళు కాదంటే తెరుస్తారు.

మాస్టారూ, నేను కూడా వీపు తిప్పుకునే నిలబడ్డాను. కానీ ఆయన్ని పైకి ఎత్తేటప్పుడు ఒక్కసారి తిరిగి చూశాను. ఆ బూటు నాకూ కనిపించింది.

ఆయన మీ నాన్నగారేనా?

జెన్‌బాంగ్


బైతు,
జూన్ 1999.

జెన్‌బాంగ్,

ఇక 'గారు' వద్దు. నిన్ను బడిలో పిలిచినట్టే పిలుస్తాను.

కాదు. ఆయన మా నాన్న కాదు. ఆ సంగతి మట్టి తుడిచిన క్షణంలోనే నాకు తెలుసు.

దానికంటే ముందు తెలిసింది ఇంకొకటి ఉంది. మా నాన్న ఎక్కడున్నాడో నాకు పదేళ్ళుగా తెలుసు. పిన్ని మొగుడు మెంగ్ బాబాయి రిజర్వాయరు పనిలో ఆయనతో కలిసి మట్టి మోశాడు. పోయేముందు నాతో చెప్పాడు. పల్లంలో ఎక్కడో, మెత్తటి బంకమట్టిలో పూడ్చారు. మరుసటి వసంతంలో గట్టు లేచింది, నీళ్ళు వచ్చాయి. ఆ రోజు ఎర్రజెండా ఊపి నీళ్ళు వదిలించింది నువ్వు. కింద ఎవరున్నారో తెలిసే ఊపావు.

కాబట్టి షరతు పెట్టినప్పుడు నా లెక్క సులువైనది. నీళ్ళ కింద ఉన్నాడని ఒప్పుకునే ధైర్యం నీకు ఉండదు. ఏదో ఒక చోటు చూపిస్తావు. తవ్వుతాం. ఏమీ ఉండదు. ఊరంతా తెల్లబట్టల్లో ఖాళీ గొయ్యి చుట్టూ నిలబడి ఉంటుంది. అప్పుడు నేను అందరి ముందు నిన్ను ఒకే ఒక్క మాట అడగాలి. "ఆయన ఎక్కడ?" అని. ముప్పై ఏళ్ళు ఆ మాటకు పదును పెట్టుకున్నాను. అంతకన్నా బాగా నేను దేన్నీ తయారు చేసుకోలేదు.

పార ఉన్నికి తగిలింది.

దిగి చేత్తో మట్టి తుడిచాను. గడ్డం కనబడింది. ఎర్రటి గడ్డం, చివర్లు కాస్త నెరిసి. లోపలికి పోయిన కళ్ళు, ఎత్తైన ముక్కుదూలం. ఒక చెంప కింద చెయ్యి పెట్టుకుని, పని ముగించి కాసేపు నడుం వాల్చినవాడిలా ఉన్నాడు. బొత్తాలు లేని ఉన్ని లాగు, గొర్రెతోలు, నడుం దగ్గర చిన్న సంచిలో గోధుమ గింజలు. రెండు వేల ఏళ్ళ నాటివాడో, మూడు వేల ఏళ్ళ నాటివాడో నేను చెప్పలేను. మా నాన్న కన్నా జానెడు పొడుగు. మిగతా అంతా మా నాన్నే. చలికాలం పొయ్యి దగ్గర కునుకు తీసేటప్పుడు అచ్చం అలాగే ఉండేవాడు.

సిద్ధం చేసుకున్న మాట నోట్లోంచి రాలేదు. "నాన్నా" అన్నాను. ఆ మాట విని నా వెనక ఊరంతా మోకాళ్ళమీద కూలబడింది. నువ్వు కూడా.

నిన్ను గెలిపించానని అనుకోకు. ఆ పూట నువ్వు దేనికి మొక్కావో ఆలోచించు. ఏ ముక్కును చూసి ఏ దేశానిదని అడిగావో, ఆ ముక్కుకే నుదురు నేలకు ఆనించి మొక్కావు. ఆ మనిషి ఈ నేలలో పడుకునే నాటికి నీ వంశంలో ఎవరూ ఈ దారి మొహం చూసి ఉండరు. అడగాల్సి వస్తే ఆయన నిన్ను అడగాలి, నువ్వు ఏ దేశం వాడివని.

చదువుకున్నవాడిగా నేను చేసింది తప్పని తెలుసు. అడిగి, చూసి, ఆ తర్వాత మ్యూజియం బోర్డు రాసేవాళ్ళు వస్తే నేనే గొయ్యి తవ్వి చేతులమీద అందించేవాణ్ణి. వీళ్ళ బోర్డు ముందే రాసి ఉంది. ఆయన్ని అద్దాల్లో పెట్టి రోమన్ అంటారు, టిక్కెట్టు చించుతారు. ఆ ముఖాన్ని ఒకసారి విదేశీ అన్నారు. నేను బతికుండగా రెండోసారి అననివ్వను.

నేను ఒప్పుకోను. సంతకం పెట్టను. ఇక పూడ్చినప్పుడు ఉన్నవాళ్ళంటావా, అందరూ పోయారు, నువ్వొక్కడివే మిగిలావు. వెళ్ళి నిజం చెప్పు. మా నాన్న నీళ్ళ కింద ఉన్నాడని చెప్పు. నీకు రోమన్ దొరుకుతాడు. నీ నగరం వందేళ్ళు నడుస్తుంది. లేదా ఆయనే కాంగ్ బొయున్ అని చెప్పు. అప్పుడు ఆ జాగాలో ఆయన పడుకుంటాడు, నా తర్వాత నా మనవలు ఆయనకు కాగితాలు కాలుస్తారు.

ఏది చెప్పమని నేను అడగను. నిన్ను అడిగే అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

కాంగ్ షౌలిన్


జిల్లా పట్నం,
ఆగస్టు 1999.

మాస్టారికి,

నిన్న ఆఫీసులో కూర్చోబెట్టి అడిగారు. అధికారి చిన్నపిల్ల, మా అమ్మాయి వయసు. పక్కన ఫాంగ్, వాడి పక్కన ఆ రాళ్ళపనివాడు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

"కాంగ్ బొయున్ అనే ఆయన్ని పూడ్పించింది మీరేనా?"

"నేనే."

"ఎక్కడ?"

"మొన్న తీసిన చోటే."

ఫాంగ్ కుర్చీలో ఇటు తిరిగాడు. "సలహాదారుగారూ, జాగ్రత్తగా గుర్తు తెచ్చుకోండి. మరి ఆ బూట్లు?"

దీనికి నేను సిద్ధపడి వెళ్ళలేదు మాస్టారూ. నోటికొచ్చింది చెప్పాను. "నేనిచ్చాను. మా తాతవి, కొండల్లో గొర్రెలు కాసేటప్పుడు వేసుకునేవాడు. ఆ చలికి ముసలాయన పాదాలు చూడలేక ఇచ్చాను. వాటితోనే పూడ్చాం."

"ఎర్ర తాళ్ళు?"

"మా నాయనమ్మ చుట్టింది. దిష్టి తగలకుండా."

ఫాంగ్ నవ్వాడు. "ఆ రోజుల్లో మీరు ఖైదీలకు బూట్లు పంచారా?"

"ఒక్కడికే" అన్నాను.

ఆ పిల్ల రాసుకుని, కలం మూతపెట్టి నావైపు చూసింది. "ఆ కాలంలో అలా చేయాలంటే చాలా ధైర్యం కావాలి పెద్దాయనా. మీరు మంచి పని చేశారు" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వేలిముద్ర వేయమంటే వేశాను. అర్జీ కొట్టేశారు.

బయటికి వచ్చాక ఫాంగ్ అన్నాడు, "మీరు సలహాలిచ్చేది నాకా, ఆ ముసలాయనకా?" రేపటి నుంచి రానవసరం లేదన్నాడు. కుర్చీ వాళ్ళదే కాబట్టి బాధ లేదు.

నేను మీ దగ్గర దాచాల్సింది ఇప్పుడు ఏమీ మిగల్లేదు. అన్నీ మీకు ముందే తెలుసు. ఆ పల్లం ఎక్కడో మాత్రం ఇప్పుడు నాకొక్కడికే తెలుసు. గట్టుమీద నిలబడితే చూపించగలను. మీరు రమ్మంటే వస్తాను. వద్దంటే మళ్ళీ రాయను.

జెన్‌బాంగ్


బైతు,
అక్టోబరు 1999.

జెన్‌బాంగ్,

జవాబు ఆలస్యమైంది. పనిగట్టుకునే ఆలస్యం చేశాను.

ప్రారంభోత్సవం బాగానే జరిగిందని విని ఉంటావు. మాటంటే మాట కాబట్టి రేకు టోపీ పెట్టుకుని ముందు నడిచాను. చెవులకు గీసుకుంది. టీవీ అమ్మాయి మైకు పెట్టి అడిగింది, "తాతగారూ, మీ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారు?" "ఎక్కడి నుంచీ రాలేదమ్మా. తర్వాత వచ్చింది మీరు" అన్నాను. ఆ ముక్క కత్తిరించేశారట. ఫాంగ్ మళ్ళీ పిలవలేదు.

సమాధి రాయి నిలబెట్టాం. కాంగ్ బొయున్ అని చెక్కించాను. మెంగ్ పిన్నికి కొత్త పెట్టె వచ్చింది. పాతదానికన్నా చెక్క పలుచనని రోజూ వచ్చి తిట్టిపోతోంది.

ఆ పిల్లతో నువ్వు చెప్పింది రెండుమూడుసార్లు చదివాను. బూట్లు ఇచ్చావు కదూ. ఆ చలికాలం ఆయన గోనెపట్టాలు చుట్టుకుని మంచులో మట్టి మోశాడు. అది నువ్వు రోజూ చూశావు. చేయని పుణ్యం నీ ఖాతాలో ఆఫీసువాళ్ళు రాసేశారు. దాన్ని కొట్టేయమని నేను అర్జీ పెట్టను. అలాగని ఊరికే ఉంచుకోనివ్వను కూడా.

చాంద్రమానం పదో నెల మొదటి రోజు వస్తోంది. పోయినవాళ్ళకు కాగితపు చలిబట్టలు కాల్చి పంపే రోజు. కొత్తగా మా వరసలో చేరిన పెద్దమనిషికి ఏమీ అక్కర్లేదు, ఒంటినిండా ఉన్నితో వచ్చాడు. నీళ్ళ కింద ఉన్నవాడికి ఇంతవరకు ఎవరూ ఏమీ పంపలేదు. ఎటు తిరిగి కాల్చాలో తెలియక నేనూ పంపలేదు.

పొద్దున్నే గట్టుమీదికి రా. చోటు చూపించు. కాగితపు బూట్లు నువ్వే కొని తీసుకురా, నీ చేత్తోనే కాల్చు. దుకాణంవాడు పెద్దవి అంటగడతాడు, తీసుకోకు. మా నాన్నవి చిన్న పాదాలు. నీకు గుర్తుండే ఉంటుంది.

కాంగ్ షౌలిన్